ఆ గ్రహం మీది నీళ్లు

అరుణశ్రీ ఏం చదువుతోందని దుకాణానికి వచ్చినవాళ్లు అడిగితే, వాళ్ల నాయిన బ్రహ్మం చుక్కల చదువని చెప్పేవాడు. ఆయన పోచంపల్లిలో మగ్గం విడిచిపెట్టి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో కుదురుకున్న మనిషి. చుక్కల చదువు అనగానే ఎదుటివాళ్లు తమ పిల్లలు పుట్టిన తేదీలు చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. అది జాతకాల చదువు కాదని, వేరే సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలి ఎలాంటిదో తెలుసుకునే చదువని అరుణశ్రీ నాయినకు ఎన్నోసార్లు విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా వినేవాడు. మర్నాడు మళ్లీ చుక్కల చదువనే చెప్పేవాడు.

నిజానికి ఆ పని వెనకున్న ఆలోచన సులువైనదే. గ్రహం తన నక్షత్రం ముందునుంచి దాటేటప్పుడు నక్షత్రపు వెలుగు పిసరంత తగ్గుతుంది. ఆ వెలుగులో కొంత, గ్రహం అంచున ఉన్న గాలిపొరలోంచి వడపోసినట్టుగా మనదాకా వస్తుంది. ఆ గాలిలో నీటి ఆవిరి ఉంటే అది కొన్ని రకాల కిరణాలను మింగేస్తుంది. ఆ కిరణాల్లో చూస్తే గ్రహం ఉన్నదానికంటే కొంచెం పెద్దదిగా కనబడుతుంది. కాగితం మీద గీత గీస్తే, నీటి ఆవిరి ఉండాల్సిన చోట గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. చెప్పడానికి ఇంతే. ఆ పిసరు వెలుగును కొలవడంలోనే మనుషుల వయసులు అయిపోతాయి.

అరుణశ్రీ పీహెచ్‌డీలో చేరి నాలుగేళ్లు దాటాయి. అంతరిక్షంలో తిరిగే పెద్ద టెలిస్కోపు కొలతలు ఏడాది గడిచాక ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆమె అలా ఒక గ్రహం కొలతలు తీసుకుని, రెండేళ్లు కుస్తీ పట్టింది. ఆ గ్రహం తన నక్షత్రానికి ఎంత దగ్గరగా తిరుగుతుందంటే, దాని మీద ఇనుము కూడా మెత్తబడుతుంది. అయినా గీతలో మూపురం లేచింది. సరిగ్గా నీటి ఆవిరి ఉండాల్సిన చోట. ఆ సాయంత్రం ఆమె ఎవరికీ చెప్పకుండా పక్క సందులోని స్వీటు దుకాణానికి వెళ్లి, పావుకిలో కలాకండ్ కొనుక్కుని నిలబడి తినేసింది. పదిహేను రోజుల్లో వ్యాసం రాసి, ఏప్రిల్ నెలలో తన గైడ్ రామమోహనరావు చేతికిచ్చింది.

రామమోహనరావుది తెనాలి ప్రాంతం. ఎల్‌బీ నగర్‌లో ఫ్లాట్ కొనుక్కుని చాలా ఏళ్లయింది. మనిషి నెమ్మది. ఒకరి మీద గొంతెత్తినట్టు డిపార్ట్‌మెంటులో ఎవరూ ఎరగరు. ఆయన వ్యాసాన్ని తీసుకుని బ్యాగులో పెట్టుకున్నారు. మే నెలలో అడిగితే చూస్తున్నానన్నారు. జూన్‌లో అడిగితే, అది నీరు కాకపోవచ్చు, యంత్రం చేసిన పని కావచ్చు, ఇంకోసారి చూడమన్నారు. యంత్రంలో ఎక్కడ లోపమో, ఎలా చూడాలో చెప్పలేదు. ఆమె మళ్లీ మొదటినుంచి అన్నీ సరిచూసి, మూపురం కదలకుండా అక్కడే ఉందని చెప్పింది. ఆయన తల ఊపారు. జులైలోనూ తల ఊపారు. ఆగస్టులో ఆయన వరండాలో ఎదురైనప్పుడు, ఆమె ఏమీ అడగకుండానే చూస్తున్నానమ్మా అనేసి గదిలోకి వెళ్లిపోయారు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించేశాయి. యూనివర్సిటీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సింగరేణి బొగ్గు ఆగేసరికి కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు వచ్చాయి. తెలంగాణ రావాలని అరుణశ్రీకీ ఉంది. క్యాంపస్ ఊరేగింపుల్లో ఆమె నడిచింది కూడా. కానీ ఆమె లెక్క కంప్యూటర్‌లో ఒకసారి మొదలైతే పూటంతా ఆగకుండా నడవాలి. ముప్పావు వంతు అయ్యాక కరెంటు పోయేది. యూపీఎస్ కుయ్యి కుయ్యిమని అరిచి ప్రాణం వదిలేది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నల్లటి తెర వైపు చూస్తూ కూర్చునేది. వంటింట్లోంచి తల్లి కొమురమ్మ, ఖాళీగనే ఉన్నవు గదా, జర ఈ చిక్కుడుకాయలు తుంపమని పిలిచేది.

అలాంటి ఒక సాయంత్రం పెదనాన్న కొడుకు నరేష్‌కుమార్ ఇంటికి వచ్చాడు. అతను యూనివర్సిటీలో లా చదువుతూ విద్యార్థుల జేఏసీలో తిరుగుతున్నాడు. పదిరోజులుగా సరిగ్గా తిన్నట్టు లేడు. కొమురమ్మ అన్నం పెడుతూ, మీ చెల్లె ముఖం చూడు ఎట్లున్నదో, రాసిన కాయితాలు ఐదు నెలల్నుంచి వాళ్ల సారు చదువుతలేడంట అని చెప్పింది. అరుణశ్రీ ఉన్న చిరాకంతా అప్పుడే వెళ్లగక్కింది. మూపురం సంగతీ, నీటి ఆవిరి సంగతీ, సారు తల ఊపడం, అన్నీ చెప్పింది. నరేష్ తినడం ఆపి విన్నాడు.

"మీ సారుది ఏ ఊరు?" అన్నాడు.

"తెనాలి దిక్కు. ఎందుకు?"

"ఏం లేదు," అని అతను మజ్జిగ పోయించుకున్నాడు.

నీళ్ల మాట వస్తే నరేష్ మామూలుగా ఉండలేడని ఆమె అప్పుడే గుర్తుచేసుకోవాల్సింది. అతని తల్లిది మునుగోడు వైపు. చిన్నప్పటినుంచి ఫ్లోరైడు నీళ్లు తాగి ఆమె నడుము వంగిపోయింది. నలభై అయిదేళ్లకే గోడ పట్టుకుని నడుస్తుంది. నీళ్లు, నిధులు, నియామకాలు అని అందరూ నినాదం ఇస్తారు. నరేష్ గొంతు మొదటి మాట దగ్గరే బొంగురుపోతుంది.

మూడో రోజు పొద్దున పక్కింటామె ఒక కరపత్రం తెచ్చి కొమురమ్మ చేతిలో పెట్టింది. తెలంగాణ ఆడబిడ్డ వేరే గ్రహం మీద నీళ్లు కనిపెడితే, ఆంధ్రా ప్రొఫెసర్ ఐదు నెలలుగా తొక్కిపెట్టాడని పెద్ద అక్షరాల్లో ఉంది. కృష్ణా నీళ్లు, గోదావరి నీళ్లు చాలక ఆకాశంలో నీళ్లు కూడా దోచుకుంటున్నారని కింద రాశారు. అరుణశ్రీ పేరుంది, ఊరు పేరుంది, రామమోహనరావు పేరూ ఆయన ఉండే కాలనీ పేరూ ఉన్నాయి.

ఆమె వెంటనే నరేష్‌కు ఫోన్ చేసింది. ఎన్నోసార్లు చేస్తే గాని ఎత్తలేదు.

"అన్నా, నీళ్లు దొరికినయని నేను చెప్పలే. ఉన్నట్టు కనబడుతున్నయన్న. రెండూ ఒకటి గాదు."

"నువ్వు సైన్సు మాట చెప్తున్నవు చెల్లె. నేను జనానికి సమజయ్యేటట్టు రాసిన."

"సమజయ్యేటట్టు కాదు, అబద్ధం రాసినవు."

"ఐదు నెలలు ఆయన నీ కాయితాలు చదివిండా, చదువలేదా? గది చెప్పు."

"చదువలే."

"మరి ఇంకేంది," అని అతను ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజంతా ఫోన్లే. క్యాంపస్‌లో పరిచయంలేని కుర్రాళ్లు ధైర్యంగా ఉండమన్నారు. ఒక టీవీ చానల్ అమ్మాయి, మేడమ్, ఆ నీళ్లు ఎన్ని టీఎంసీలు ఉండొచ్చని అడిగింది. అరుణశ్రీ, అది ఆవిరండీ అని మాత్రం అంది. చేసిన పని గురించి నాలుగేళ్లలో ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. ఇప్పుడు ఊరంతా అడుగుతోంది, కానీ వినేవాడు ఒక్కడు లేడు.

మర్నాడు దుకాణం మూసి ఉండడంతో ఇంట్లోనే ఉన్న బ్రహ్మం, టీ కొట్టు దాకా వెళ్లి తిరిగివచ్చి చెప్పాడు. ఆ రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంది. అది అయిపోయాక నరేష్‌వాళ్లు సారు ఇంటి ముందు కూర్చుంటారట. అరుణశ్రీ పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. పెన్‌డ్రైవ్ ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు. సారు ముందు కూర్చుని ఒక్కొక్క గీతా చూపించి, చదవమని అడగాలని ఉందేమో. నాయిన వెంట వస్తానంటే వద్దంది.

బస్సుల్లేవు. షేర్ ఆటోలు చైతన్యపురి దాటి పోలేమన్నాయి. ఆమె నడిచింది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయిలు లారీల్లోనే మగ్గి కుళ్లువాసన వేస్తున్నాయి. హైవే మీద ఒక్క బండి లేదు. నడి రోడ్డు మీద ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. ఇంకొంచెం ముందుకు పోతే రాళ్ల పొయ్యిల మీద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. విజయవాడ వైపు పోవాల్సిన కుటుంబం ఒకటి సూట్‌కేసుల మీద కూర్చుని అదే అన్నం తింటోంది. ఎవరో ఆమెను ఆపి, తినకుండ పోవద్దని విస్తరి చేతిలో పెట్టారు. పని ఉందంటే వినలేదు. ఇంకొకామె గుర్తుపట్టి, ఈ బిడ్డనే నీళ్లు కనిపెట్టిందని పక్కవాళ్లకు చెప్పింది. నలుగురు చుట్టూ చేరారు. అరుణశ్రీ నిలబడే నాలుగు ముద్దలు మింగి, విస్తరి పారేసి, చేతులు కడుక్కోకుండానే బయటపడింది. దూరంగా చౌరస్తాలో నరేష్ మైకు పట్టుకుని మాట్లాడడం కనిపించింది. అటు పోకుండా సందులోంచి సారు ఇంటికి తిరిగింది.

తలుపు తీసింది సారు భార్య సుమిత్రమ్మ. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఈ ఎండలో నడిచొచ్చావా అమ్మాయ్," అని మాత్రం అంది. హాల్లో సారుతోపాటు అపార్ట్‌మెంట్ సెక్రటరీ పట్టాభి కూర్చుని ఉన్నాడు. టీపాయ్ మీద కరపత్రం ఉంది. అరుణశ్రీని చూడగానే పట్టాభి నిటారుగా సర్దుకున్నాడు. తమ మాస్టారి మీద వచ్చిన ఆరోపణలన్నీ అబద్ధమని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. లేకపోతే తమవాళ్లు కూడా ఊరుకోరని, భయపడుతూ తిరిగే రోజులు కావివని ఏదేదో చెప్పాడు. ఆ కరపత్రం తాను రాయలేదని, అబద్ధం కానిదాన్ని అబద్ధమని రాయలేనని ఆమె చెప్పింది. పట్టాభి సారు వైపు చూశాడు. సారు ఆయన్ని కాసేపు పైకి వెళ్లమని మెల్లగా అన్నారు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సారు ముందు అరుణశ్రీ ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేది. ఆ రోజు అది గుర్తు రాలేదు.

"సార్, ఇదంతా నేను చేయించిన అనుకుంటున్నరేమో. కాదు. ఒక్కటి చెప్పున్రి. మీరు నా పేపరు చదివిన్రా లేదా?"

రామమోహనరావు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"చదివానమ్మా. చాలాసార్లు చదివాను. నాకు అర్థం కాలేదు."

ఆయన నేల వైపు చూస్తూ చెప్పుకుపోయారు. తాను జీవితమంతా జంటతారల వెలుగు కొలిచిన మనిషి. ఊరి బయటి అబ్జర్వేటరీలో చలికి వణుకుతూ, ఒక తార పక్కన ఇంకో తారను పెట్టి పోల్చడమే తెలుసు. ఆమె ఈ కొత్త విషయం ఎంచుకుంటానన్నప్పుడు సంబరపడి సంతకం పెట్టారు. తానూ నేర్చుకోవచ్చనుకున్నారు. నేర్చుకోలేకపోయారు. డిపార్ట్‌మెంటులో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. యంత్రం పని కావచ్చని ఎందుకన్నారంటే, తన అనుభవంలో కొత్తగా కనబడిన ప్రతిదీ చివరకు అదే అయింది కనుక.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన దుర్మార్గుడైతే తిట్టిపోసేది. ఐదు నెలలు ఆమె నిద్రపోలేదు. ఈయన సిగ్గుపడుతూ కూర్చున్నారు.

"ఈ మాట ఏప్రిల్‌ల చెప్తే అయిపోతుండె గద సార్. నేను ఇంకొకరిని అడుగుతుంటి."

"అవునమ్మా," అన్నారు ఆయన. అడగొచ్చో లేదో అన్నట్టు అడిగారు. "ఒక్క సందేహం. నీ చెక్ స్టార్ ఏది?"

చెక్ స్టార్ అంటే ఆ పాత పద్ధతిలో కాపలా తార. వెలుగు మారదని తెలిసిన ఒక తారను కూడా కొలుస్తారు. అది కూడా మారినట్టు కనబడితే, తప్పు ఆకాశంలో లేదు, పరికరంలో ఉందని అర్థం. అరుణశ్రీ విసుక్కుంది. ఈ టెలిస్కోపు ఒక్క నక్షత్రాన్నే చూస్తుందని, పక్కన ఇంకోటి ఉండదని, ఆ రోజులు పోయాయని చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

పక్కన ఇంకో నక్షత్రం లేదు. కానీ అదే నక్షత్రం, గ్రహం ఇంకా ముందుకు రానప్పుడు తీసిన వెలుగు ఉంది. అప్పుడు గ్రహపు గాలి అడ్డం లేదు కనుక నీటి ఆవిరి గుర్తు ఉండడానికి వీల్లేదు. ఆ వెలుగును తాను యంత్రం తేడాలు సరిచేయడానికే వాడేసింది. దాన్నే కాపలాగా నిలబెట్టవచ్చని తట్టలేదు.

"సార్, మీ కంప్యూటర్ నడుస్తదా?"

ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి, తన ప్రోగ్రామును అందులో ఎక్కించడానికే చాలాసేపు తంటాలు పడింది. సుమిత్రమ్మ మజ్జిగ తెచ్చి పెట్టి, వీళ్లేం చేస్తున్నారో అర్థంకాక గుమ్మంలో నిలబడింది. కిటికీలోంచి చౌరస్తా నినాదాలు లీలగా వినిపిస్తున్నాయి. గ్రహం రాకముందు టెలిస్కోపు భూమిని ఒక చుట్టు తిరిగేలోపు తీసిన కొలతల్ని, గ్రహం అడ్డంగా ఉందన్నట్టు ప్రోగ్రాముకు అబద్ధం చెప్పి ఇచ్చింది. ఒక్క చుట్టే కనుక లెక్క తొందరగానే అయింది. తెర మీద గీత మెల్లగా ఎడమనుంచి కుడికి గీసుకుంటూ వచ్చింది.

మూపురం లేచింది. సరిగ్గా అదే చోట. తన వ్యాసంలోని మూపురంలో సగానికి పైగా ఎత్తు.

గ్రహం లేనప్పుడు కూడా గ్రహం మీద నీళ్లున్నాయి.

అరుణశ్రీ తన వ్యాసంలోని గీతను పక్కన తెరిచి మళ్లీ పోల్చింది. రామమోహనరావు తెర వైపు, ఆమె వైపు మార్చిమార్చి చూశారు. ఆయన ముఖంలో గెలిచిన గర్వం ఏ మూలా లేదు.

"నేనన్నానని ఒప్పుకోకు. ఇంకో చుట్టుతో చూడు," అన్నారు.

గ్రహం వెళ్లిపోయాక తీసిన చుట్టుతో చూసింది. ఈసారి ఎత్తు తగ్గింది గాని, మూపురం ఉంది. టెలిస్కోపు చూడడం మొదలుపెట్టిన ప్రతిసారీ దాని కన్ను నెమ్మదిగా తేరుకుంటుంది. అన్ని రకాల కిరణాలకూ ఒకే తీరుగా తేరుకుంటుందని ఆమె లెక్క అనుకుంది. అది అలా తేరుకోవడం లేదు. రెండేళ్లు ఆమె పట్టుకుని కూర్చున్నది నీటిని కాదు, ఆ తేడాని. ఇక ఆ గ్రహం మీద నీళ్లు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నాయని చెప్పడానికి మాత్రం ఆమె దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. కలాకండ్ తిన్న సాయంత్రం గుర్తొచ్చి, తన మీద తనకే చిరాకు వేసింది.

అప్పుడే కింద గేటు దగ్గర అరుపులు మొదలయ్యాయి. అరుణశ్రీ ముఖం కడుక్కుని దిగింది. పాతికమంది దాకా ఉన్నారు. ముందు నరేష్ ఉన్నాడు. ఆమె లోపలినుంచి రావడం చూసి అతను తెల్లబోయాడు. పై అంతస్తు బాల్కనీల్లో పట్టాభి, మరికొందరు నిలబడి చూస్తున్నారు.

ఆమె నరేష్‌కు దగ్గరగా వెళ్లి, తన లెక్కలో తప్పు దొరికిందని, ఆ మూపురం నీటిది కాదని చెప్పింది. వెనకనుంచి ఎవరో, లోపలికి పిలిచి బెదిరించినట్టున్నరని అన్నారు. ఇంకెవరో, డిగ్రీ ఆపుతనని ఉంటడు అన్నారు. ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది.

"ఇనున్రి. సారు నా కాయితాల గురించి ఐదు నెలలు ఒక్క మాట చెప్పలే. అది నిజం. అది తప్పే. దాని గురించి నేను కొట్లాడుత, నా కొట్లాట నేనే కొట్లాడుత. నీళ్ల సంగతిల మాత్రం ఆయన అన్నదే నిజమైంది. ఇది కూడ నిజమే. రెండిట్ల ఒక్కటే కావాలంటే నేనేం చెయ్యలేను."

నరేష్ గొంతు తగ్గించి అడిగాడు. "మరి అక్కడ నీళ్లు లేవా?"

"ఉన్నయో లేవో తెల్వది అన్నా. తెల్వది అనుడు కూడ ఒక జవాబే."

రామమోహనరావు మెట్లు దిగి వచ్చారు. సుమిత్రమ్మ వెనకనుంచి వద్దంటున్నా వచ్చారు. ఆలస్యం తనదేనని, అమ్మాయికి తాను సమాధానం చెప్పి ఉండాల్సిందని గేటు దగ్గర అందరికీ వినబడేలా అన్నారు. ఆ మాట తర్వాత అక్కడ చేయడానికి ఎవరికీ పెద్దగా ఏమీ మిగల్లేదు. కొందరు రెండు నినాదాలిచ్చారు. నరేష్ వాళ్లను చౌరస్తాకు పొమ్మన్నాడు. తిరుగుదారిలో అతను కొత్తపేట దాకా చెల్లెలితో నడిచాడు. మార్కెట్ దగ్గర విడిపోయేటప్పుడు, నా ఇజ్జత్ తీసినవు అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయేలోపు రోడ్డు దాటేశాడు.

తర్వాతి రోజులు అంతకంటే విసుగ్గా గడిచాయి. అరుణశ్రీ అమ్ముడుపోయిందని క్యాంపస్‌లో కొందరు అన్నారు. ఆ పిల్ల రాతపూర్వకంగా క్షమాపణ చెప్పుకుందని ఎల్‌బీ నగర్‌లో పట్టాభి చెప్పుకు తిరిగాడు. మొదట్లో ఆమె ఇద్దరికీ జవాబు చెప్పింది. కొన్నాళ్లకు మానేసింది. ఆమెకు పని ఉంది. అక్టోబరు చివర్లో సమ్మె ఆగి, కరెంటు కొంచెం కుదుటపడ్డాక వ్యాసాన్ని తిరగరాసింది. ఇప్పుడు అది నీళ్ల గురించి కాదు. ఈ రకం లెక్క వేస్తే లేని నీళ్లు ఎలా కనబడతాయో, కనబడితే పట్టుకోవడం ఎలాగో చెప్పే వ్యాసం. బెంగళూరులో ఈ విషయం తెలిసిన ఒక శాస్త్రవేత్తను ఇంకో గైడ్‌గా పెట్టుకుంటానని ఆమె అడిగితే, రామమోహనరావు ఆ పూటే సంతకం పెట్టారు.

వ్యాసం పంపే ముందు ఆయన ఇంకో మాట అన్నారు. తాను చేసిందేమీ లేదు కనుక తన పేరు తీసేయమన్నారు. అరుణశ్రీ తల పట్టుకుంది.

"వద్దు సార్. మీ పేరు తీసేస్తే దానికి ఇంకొక కరపత్రం వస్తది. ఈసారి మీవాళ్లు వేస్తరు."

రామమోహనరావు చాలా రోజుల తర్వాత నవ్వారు. పేరు ఉండనివ్వమన్నారు. చెక్ స్టార్ ప్రశ్న ఆయనదేనని ఆమె వ్యాసం చివర ఒక వాక్యం కూడా చేర్చింది.

డిసెంబరులో ఒక ఆదివారం నరేష్ వచ్చాడు. ఏమీ జరగనట్టే పీట వాల్చుకుని కూర్చుని, చిన్నమ్మా ఆకలైతున్నది అన్నాడు. కొమురమ్మ వడ్డించింది. అరుణశ్రీ పెదమ్మ నడుము ఎట్లుందని అడిగింది. అట్లనే ఉందన్నాడు. నీళ్ల ట్యాంకర్ రెండు రోజులకోసారి వస్తోందని చెప్పాడు. ఇద్దరూ గేటు దగ్గర సంగతి ఎత్తలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, ఆమె పని చేస్తున్న గదిలోకి తొంగిచూసి, కరెంటు పోతే ఇబ్బందైతదా, మా దోస్తుకు పాత ఇన్వర్టర్ ఉన్నది, అడుగుదునా అన్నాడు. అడుగు అంది.

మరుసటి ఎండాకాలంలో వ్యాసం అచ్చవుతుందని కబురు వచ్చింది. అరుణశ్రీ ఆ మాట చెప్పడానికి నాయిన దుకాణానికి వెళ్లింది. పెళ్లిళ్ల రోజులు, దుకాణం కిటకిటలాడుతోంది. పరుపు మీద పది చీరలు పరిచి, ఎదుట తల్లీకూతుళ్లను కూర్చోబెట్టుకుని ఉన్నాడు బ్రహ్మం. కబురు విని పొంగిపోయాడు. చీర మడతపెడుతూనే వాళ్లకు చెప్పాడు, తన బిడ్డ శాస్త్రవేత్త అని, చుక్కలకాడ నీళ్లు లేవని కనిపెట్టిందని.

"లేవని కాదు నాయినా," అంది అరుణశ్రీ.

"ఉన్నయా మరి?"

"ఉన్నయని కూడ కాదు."

బ్రహ్మం అయోమయంగా చూశాడు. ఎదుట కూర్చున్న పిల్ల, పెళ్లికూతురే అయి ఉంటుంది, చేతిలోని అంచు వదిలేసి, అంతదూరం నుంచి అసలు ఎట్ల తెలుస్తది అక్కా అని అడిగింది. వాళ్లమ్మ టైమైతున్నదని మోచేత్తో పొడిచినా, ఆ పిల్ల కళ్లు తిప్పలేదు. అరుణశ్రీ చెప్పులు విడిచి పరుపు మీద చీరల మధ్య జాగా చేసుకుని కూర్చుంది. ఒక నక్షత్రం ఉన్నదనుకో, అని మొదలుపెట్టింది.